మైకు దాకా రాని వాళ్ల లెక్క

నాచారంలో మా పక్కింటి మామ పోయారని ఫోనొచ్చినప్పుడు నేను ఉప్పల్ మెట్రో కింద పానీపూరీ నోట్లో పెట్టుకుని ఉన్నాను. దిగ్భ్రాంతి చెందానని రాయడం మర్యాద. నిజానికి పొలమారింది. కళ్లనీళ్లకు ఒక సాకు దొరికింది. బతికుండగా చెప్పని కృతజ్ఞత ఇక్కడ రాసుకుంటున్నాను.

మామ బోల్టుల ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ చేసి రిటైరయ్యారు. ఆదివారం ప్రార్థన తప్పేవారు కాదు. టమాటాలు కొన్నా గంప అడుగున చెయ్యి పెట్టి చూడాల్సిందే. "పైన మంచియే పెడ్తరు బిడ్డా" అనేవారు. నేనేమో స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ పుచ్చుకున్న మహాపండితుణ్ని.

మా అమ్మకు ఫిట్స్. నిరుడు మామ వెళ్లే ప్రార్థన కూటానికే తనూ వెళ్లడం మొదలుపెట్టింది. నాలుగు నెలలు ఫిట్స్ రాలేదు. "ప్రభువు బాగుచేసిండు, ఇగ గోలీలెందుకు?" అంది. ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పని డాక్టరు ముందే చెప్పాడు. నేను కాగితం తీసి, సూత్రాలు రాసి, అద్భుతానికి అవకాశం సున్నా అని నిరూపించాను. అమ్మ కాగితాన్ని చూసింది, నన్ను చూసింది, ఆ పూట నుంచే గోలీలు మానేసింది. గణితం ఇంత త్వరగా ఫలితమివ్వడం నేనెక్కడా చూడలేదు.

మూడో రోజు మామ దగ్గరికి పరుగెత్తాను.

"సున్నా అని ఎవడు రాయమన్నడు?" అని కోప్పడ్డారు. "సున్నా రాసినంక రేపు సచ్చినోడు లేసొచ్చి నీ ముంగట చాయ్ తాగినా నీ లెక్క కదలదు. గది లెక్క గాదు, మొండితనం."

మర్నాడే ఆదివారం. కూటంలో అమ్మ తనకు బాగైందని సాక్ష్యం చెప్పి, గోలీల పట్టీ పాస్టరుకు అప్పగించాలి. ఆమె మైకు అందుకోగానే మామ లేచారు.

"అయ్యగారూ, బాగైనోళ్లు మైకు దాకా వస్తరు. కానోళ్లు ఇంట్లనే ఉంటరు. వాళ్లను కలపకుంటే అది ఏం లెక్క?"

"విశ్వాసంల లెక్కలు ఏంది అన్నా?" పాస్టరు గొంతు గట్టిపడింది. వెనక నుంచి ఎవరో "కూసోబెట్టుండ్రి ఆయన్ను" అన్నారు. అమ్మ నా వైపు చూసిన చూపుకు నేను చాప అల్లిక మీద పరిశోధన మొదలుపెట్టాను.

"చెల్లె, ఆ నాలుగు నెలలు ప్రార్థన చేసినవ్, గోలీలు గూడ మింగినవ్. ఏది పనిజేసిందో ఎట్ల చెప్తవ్? దేవుడే చేసిండేమో, కాదనను. గోలీ ఆపమని ఆయన చెప్పలే గదా."

"నువ్వు గూడ గిట్లంటే ఎట్ల అన్నా? నీకు నమ్మకం లేదా?"

మామ అందరి వైపు తిరిగి, "ఈడ ప్రార్థన చేయించుకున్నా బాగుగానోళ్లు, వాళ్ల ఇంటోళ్లు, జర చెయ్యెత్తుండ్రి" అన్నారు.

ఎవరూ కదల్లేదు. మామ తన చెయ్యే ఎత్తారు. జబ్బుతో పోయిన ఆయన భార్య, మా అత్త కోసం ఇదే గదిలో మూడేళ్లు మోకరించిన మనిషి.

కాసేపటికి ఒక ముసలమ్మ చెయ్యి లేచింది. తర్వాత కిటికీ దగ్గర ఇద్దరివి. ఆఖరికి పాస్టరు తల దించుకుని తన చేతిని సగం దాకా ఎత్తారు.

అమ్మ మైకు కింద పెట్టింది. పట్టీలోంచి ఒక గోలీ తీసి నీళ్ల కోసం చూసింది. పాస్టరే గ్లాసు తెచ్చిచ్చారు. ఆమె మింగేదాకా మామ చెయ్యి దించలేదు.