విజయమ్మను పెట్టుకునే చోటు

నా తమ్ముడు ఏలీయా మీసం రాకముందు నుంచే మార్కాపురం పలకల గనుల్లో రాయి చీల్చేవాడు. మాటలు తక్కువ. ఆ కాసిని కూడా పెళ్ళాం విజయమ్మ దగ్గరే అయిపోయేవి. ఇక మాకేం మిగులుతాయి?

మా ఊరు రెండు కొండల నడుమ, వాగు ఒడ్డున ఉండేది. బోరు నీళ్ళు తాగి సగం ఊరు నడుములు వంగిపోయాయి. అందుకే రిజర్వాయరు కడతారు, ఊరు మునుగుతుంది అన్నప్పుడు అందరికన్నా ముందు సరేనన్నది విజయమ్మే. మనవలైనా మంచినీళ్ళు తాగుతారంది. ఆ నీళ్ళు రాకముందే కిడ్నీలు చెడి తాను పోయింది. ఊరికి దిగువన సమాధుల తోటలో పెట్టాం. ఏలీయా చుట్టూ పలకరాళ్ళు పాతి, తల దగ్గర సిలువ చెక్కిన బండ నిలిపాడు.

జిల్లా చీలి చిన్నదయ్యాక రిజర్వాయరు పని ఊపందుకుంది. మాకు మార్కాపురం రోడ్డు పక్కన కాలనీ కట్టారు. బడి ఉంది, నీళ్ళ ట్యాంకు ఉంది, గుడికీ చర్చికీ చోట్లున్నాయి. సమాధులకు మాత్రం చోటు లేదు. పాత తోట కట్టకు అవతల పడి మునగదు గానీ, దాని పక్కనుంచి వాగు మీదుగా స్తంభాల మీద కాలువ పోతుందట, తర్వాత తోటను కూడా చదును చేస్తారట. ఏలీయా కోరిక ఒక్కటే. విజయమ్మ ఎముకలు తెచ్చి కాలనీలో పెట్టుకోవాలి, తన చోటు ఆ పక్కనే ఉంచుకోవాలి. చోటు చూపించేదాకా తవ్వనన్నాడు. తవ్వి ఎక్కడ పెట్టాలి, మంచం కిందా?

ఇద్దరం రిజర్వాయరు ఆఫీసుకు పోయాం. గోడకు పెద్ద బొమ్మ. నీలం చెరువు, రంగు పడవలు, ఉయ్యాలలు, కొండ మీద హోటలు. ఇంజనీరు చిన్నవాడు, మర్యాదగానే కుర్చీలు వేయించాడు. సెలవులకు హైదరాబాదు వాళ్ళు కూడా వస్తారని మురిపెంగా చూపించాడు. శ్మశానం సంగతి రెండో విడతలో చూస్తామన్నాడు.

"పడవలు కట్టేసుకోను చోటుండాది, పాడె దించను లేదా నాయనా?" అన్నాను.

"ముందు నీళ్ళు రానీ అవ్వా."

"నీ నీళ్ళు వచ్చేదాకా మా చావులు ఆగుతాయంటావా?"

ఏలీయా నా చెయ్యి పట్టుకుని లేపాడు. "పద అక్కా. ఆ సారు మాత్రం ఏం చేస్తాడు."

ఊరు ఖాళీ చేసేటప్పుడు, లారీలు తిరిగే చోట పగిలిపోతుందని సిలువ బండను ఆటోలో కాలనీకి తెచ్చుకున్నాడు. అంతలో ఈస్టరు వచ్చింది. ముందురోజు సమాధులకు సున్నం కొట్టడం, పండగనాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించడం మా ఆచారం. దూరమని కాలనీవాళ్ళు ఎవరూ పోలేదు. ఏలీయా ఒక్కడే పోయి పలకరాళ్ళకు తెల్లగా సున్నం కొట్టి, కొవ్వొత్తి పెట్టి వచ్చాడు.

కాలువ స్తంభాలకు గుంతలు తవ్వే చోట కూడా సున్నంతోనే గీతలు గీస్తారట. మాకెవరు చెప్పారు? పండగ మర్నాడు మన భాష రాని డ్రైవరొకడు ప్రొక్లెయిన్ తెచ్చి, తెల్లగా కనబడిన చోటల్లా తవ్వుకుంటూ వచ్చాడు. సిలువ కనబడితే ఆగేవాడేమో. ఆ మట్టిని లారీలు తీసుకుపోయి రిజర్వాయరు కట్ట మీద పోశాయి. రోలరు తొక్కేసింది.

మేకలు కాసే సుబ్బులు ఫోను చేస్తే పరుగెత్తాం. ఏలీయా గుంతలోకి దిగి చేతులతో వెదికాడు. పలక ముక్కలు తప్ప ఏమీ దొరకలేదు. డ్రైవరు చేతులు జోడించి ఏదో చెప్పుకుంటున్నాడు. అప్పటికి ఇంజనీరు జీపు దిగాడు.

"కట్టలో ఏ పక్క పోసినారు సార్?" అని అడిగాడు ఏలీయా.

"చెప్పలేం తాతా. అంతా కలిసిపోయింది."

వారం తిరక్కుండా కాలనీ వెనక శ్మశానానికి చోటు ఇచ్చారు. కంచె వేశారు, గేటు పెట్టారు. రెండో విడత అంత తొందరగా వచ్చింది. వచ్చి చూసుకోమని ఇంజనీరు పిలిస్తే ఏలీయా గేటు బయటే నిలబడిపోయాడు.

"ఇప్పుడు ఎవురిని పెట్టాల సార్ ఈడ?"



వానలు పడకముందే, గనుల్లో పలక దుమ్ము మింగిన దగ్గు ముదిరి ఏలీయా పోయాడు. కట్ట పక్కన పెట్టుకుంటామని అడిగితే కుదరదన్నారు, కట్టకు మంచిది కాదట. కాలనీ శ్మశానంలో మొదటి గుంత వాడిదే. అంత చోటులో ఒక్కడే ఉన్నాడు. వాడికి తోడు పోయేది ఎవరా అని కాలనీ ముసలివాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటున్నాం.