డోరా టీచర్ చెప్పిన హోటల్

మారేడ్‌పల్లిలో డోరా టీచర్‌ని ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ల కంటే గొంతు విని గుర్తుపట్టేవాళ్లే ఎక్కువ. మిషన్ స్కూల్లో ఆమె ఇంగ్లీషు పాఠం చెబుతుంటే పక్క తరగతి పిల్లలు తమ పాఠం వదిలేసి వినేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె తండ్రి నరసాపురం నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డ బడిపంతులు. భర్త జెరెమియా రైల్వే ఆఫీసులో గుమాస్తా. రిటైరైన కొన్నాళ్లకే ప్రభువునందు నిద్రించాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేది కొడుకు రోనాల్డ్, కోడలు క్యారల్, ఆమె.

ఆమెకు మిగిలిన రాజ్యం చిన్నది. పొద్దున మోండా మార్కెట్టు, ఆదివారం చర్చి, చర్చి అయ్యాక ఎండ తక్కువగా ఉంటే నాలుగు వీధులు. చేతిసంచి భుజాన తగిలించుకుని, ఎవరి తోడూ లేకుండా, తన నీడతో తాను మాట్లాడుకుంటూ నడవడం. ఇంట్లో దొరకని ఒక గది ఆమెకు ఆ నడకలో దొరికేది.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం ఆ గది తలుపు ఆమె మొహాన మూసుకుంది. మార్కెట్టు నుంచి వస్తూ మెట్రో స్తంభాల కింద ఆగింది. ఇల్లు ఎటో తెలియలేదు. ప్రతి స్తంభం ఇంకో స్తంభంలాగే ఉంది. నీడలన్నీ ఒకే కొలతలో రోడ్డు మీద పడుకుని ఉన్నాయి. సంచిలో కొత్తిమీర వాసన వస్తోంది, అది ఏ ఇంటికి తీసుకెళ్లాలో మాత్రం గుర్తు రావడం లేదు. చివరికి ఒక ఆటో ఎక్కి చర్చి పేరు చెప్పింది. చర్చి గేటు కనబడగానే ఇంటిదారి దానంతటదే వచ్చేసింది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక గేటు దాటనివ్వరు.

పాలు పొంగిపోయి గిన్నె మాడిన సంగతి మాత్రం దాగలేదు. ఆ సాయంత్రం రోనాల్డ్ గిన్నెను చేతిలో తిప్పి తిప్పి చూశాడు, ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు అనుమానం తెచ్చింది.

సరిగ్గా ఆ తర్వాతే క్యారల్ ప్రశ్నలు మొదలయ్యాయి.

క్యారల్ అల్వాల్ పిల్ల. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఒక పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తి, వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే పని. ఆ రోజు డోరా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూచుంటే, వచ్చి పక్కన పీట వేసుకుంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని, చెంగు సర్దుకుని, పాఠం అప్పజెప్పే పిల్లలాగా అడిగింది.

"టెల్ మీ, అత్తమ్మా. విచ్ రెస్టారెంట్ డు యూ లైక్?"

డోరా చేతిలో కాయ ఆగింది. "ఇప్పుడు రెస్టారెంట్ల గొడవ ఎందుకే?"

"ఊకెనే. నాకు జెర ఇంగ్లీష్ అలవాటు గావాలె. మీరు మాట్లాడుతుంటే నేను సుత మాట్లాడుత."

ఏళ్లకేళ్లు పిల్లల్ని ప్రశ్నలడిగిన మనిషి డోరా. ఊరికే అడిగే ప్రశ్న ఈ లోకంలో లేదని ఆమెకు తెలుసు. పైగా ఇంగ్లీషు కావాలంటే వాన గురించి మాట్లాడొచ్చు, బస్సు గురించి మాట్లాడొచ్చు. ఎప్పుడో వెళ్లిన హోటలు, అక్కడ తిన్న తిండి, పక్కన కూచున్న మనిషి, ఇవే ఎందుకు?

అయినా వెతికింది. జెరెమియా పెళ్లిరోజుకు ఎక్కడికో తీసుకెళ్లేవాడు. జ్ఞాపకం దాకా వెళ్లి చూస్తే అక్కడ ఒక తెల్లటి టేబుల్ గుడ్డ ఉంది. దాని మీద పళ్లెం లేదు. అవతల జెరెమియా నవ్వుతున్నాడు. ఏం తిన్నాడో లేదు, గోడల రంగు లేదు, బయట బోర్డు లేదు. గాలికి గుడ్డ అంచు ఊగుతోంది, అంతే.

క్యారల్ కళ్లు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. ఆ చూపుకు భయపడి డోరా నోటికొచ్చినట్టు చెప్పేసింది. క్లాక్ టవర్ వెనక సందులో ఎవెలిన్స్ అని ఒక హోటల్ ఉంది. చిన్నదే. నీలం తెరలు. ఎవెలిన్ అనే ఆంగ్లో ఇండియన్ ముసలామె నడుపుతుంది. కోఫ్తా కూర, పసుపన్నం, చివర్లో పాకం పోసిన కస్టర్డ్.

"వెరీ నైస్," అంది క్యారల్. వెంటనే ఇంకో ప్రశ్న. సూపు చల్లారిపోతే వెయిటర్‌తో ఏమన్నారు? బిల్లు ఎట్లా అడిగారు? కిటికీ పక్క టేబుల్ కావాలంటే ఏమని అడగాలి? డోరా ఒక్కొక్కటీ తీర్చి దిద్ది చెప్పింది.

అది ఒకరోజుతో అయిపోతే బావుండేది. మర్నాడూ క్యారల్ పీట వేసుకుంది. మళ్లీ అదే హోటలు, అవే ప్రశ్నలు. నిన్న చెప్పింది ఇవాళ చెబుతుందో లేదో చూడ్డానికి కాకపోతే అడిగిందే అడగడం దేనికి? మధ్యలో రోనాల్డ్ స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. క్యారల్ చటుక్కున మాట మింగి, ఫోన్ బోర్లా తిప్పి, చాయ్ పెట్టనా అని లేచింది. మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకున్న చూపు డోరా కంట పడింది.

పక్కింటి విమలమ్మతో గోడ దగ్గర ఆ మాట కదిపింది, ఎవరి గురించో అన్నట్టుగా. విమలమ్మ ముందు కిసుక్కున నవ్వింది, తర్వాత నవ్వు తీసేసి గొంతు తగ్గించింది.

"గట్లనే షురూ జేస్తరు టీచరమ్మా. మా అక్కను సుత గిట్లనే అడిగిన్రు. ఏం తిన్నవ్, ఎవరొచ్చిన్రు, యాడికి పోయినవ్ అని. అన్నీ నవ్వుకుంటనే. ఆ వారమే గేటుకు తాళం పడ్డది."

ఆ తాళం డోరా నిద్రలోకి కూడా వచ్చి వేలాడింది.

ఇక ఆమె పరీక్షకు చదువుకునే పిల్ల అయిపోయింది. క్యారల్ పనికి వెళ్లాక వరండాలో కళ్లు మూసుకుని ఎవెలిన్ హోటల్లోకి వెళ్లేది. తలుపు నెడితే చిన్న గంట మోగాలి. ఎడమవైపు చేతులు కడుక్కునే తొట్టి. శుక్రవారం చేపలు తప్ప మాంసం వండదు ఎవెలిన్. ఆమెకు మోకాళ్ల నొప్పి, అందుకే ఎత్తు కుర్చీలో కూచునే లెక్క చూస్తుంది. నీలం తెరలు ఉతికి ఉతికి ఆకాశం రంగుకొచ్చాయి. ఒక్కో రోజూ ఒక్కో వస్తువు తెచ్చి అక్కడ పెట్టేది, మర్నాడు చూస్తే పెట్టినచోటే ఉండేది. క్యారల్ అడిగినప్పుడు అదే చెప్పేది. ఆమెకే వింతగా తోచింది. జరిగినవన్నీ ఇసుకలా జారిపోతున్నాయి, జరగనిది మాత్రం రాయిలా నిలబడింది. ఒక్కోసారి ఆ కిటికీ పక్క టేబుల్ దగ్గర జెరెమియా వచ్చి కూచునేవాడు. ఈసారి అతని ముందు పళ్లెం ఉండేది.

క్యారల్ ఇంగ్లీషు నిజంగానే బాగుపడింది. మొదట్లో మెట్టుమెట్టుకీ ఆగే మాట ఇప్పుడు గడప దాటి పరుగెత్తుతోంది. డోరాకు అదీ నచ్చలేదు. ఇంత తెలివైన పిల్ల మొగుడి మాట విని తనకు వల పన్నిందే అనుకుంది.

ఒక శుక్రవారం క్యారల్ గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, డాక్టరు గారు పొద్దుటే రమ్మన్నారని రోనాల్డ్‌తో చెప్పి వెళ్లింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి చీర నలిగి, కొంగు నిండా దుమ్ము. చెప్పులు విప్పకుండానే వరండా మెట్టు మీద కూచుంది. డోరా మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, ముఖంలోకి చూసింది. పరీక్ష ఫలితం వచ్చినట్టుంది అనుకుంది.

క్యారల్ నీళ్లు తాగి, మెల్లగా చెప్పింది. బేగంపేటలో ఒక పెద్ద హోటల్‌లో రిసెప్షన్ ఉద్యోగానికి వెళ్లింది. వెళ్లే ముందు రోనాల్డ్‌కి చెబితే నీకెందుకవన్నీ అంటాడని చెప్పలేదు. ఫోన్లో ఇంగ్లీషు నేర్పే పాఠాల్లో రెస్టారెంటు పాఠమే అక్కడ అడుగుతారని ఎవరో అంటే, దాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంది. అక్కడి మేనేజరు నెరిసిన తలవాడు, మర్యాదస్తుడు. ఊరికి కొత్తగా వచ్చిన అతిథికి సికింద్రాబాదులో ఏ హోటల్ చూపిస్తారు అని అడిగాడు. క్యారల్ తడుముకోకుండా ఎవెలిన్స్ గురించి చెప్పింది. తెరలు, గంట, శుక్రవారం చేపలు, కస్టర్డ్, అన్నీ.

"ఆయన నవ్విండు అత్తమ్మా. నేను పుట్టింది ఆ గల్లీలనే, అక్కడ గసుంటి హోటల్ ఎన్నడూ లేదు అన్నడు." క్యారల్ గ్లాసు కింద పెట్టింది. "నేను ఊకోలే. మా అత్తమ్మ టీచర్, ఆమె నోట అబద్ధం రాదు అని చెప్పిన."

డోరా ఖాళీ గ్లాసు అందుకుంది. తప్పించుకోవడానికి ఒక దారి కనబడింది. ఎప్పుడో మూసేసి ఉంటారని అనేస్తే సరి. అబద్ధమూ బయటపడదు, మరపూ బయటపడదు. నోరు తెరిచింది.

"మూసేసిన్రని మాత్రం అనకండి," అంది క్యారల్, ముందే తెలిసినట్టు. "అక్కడికెళ్లే వస్తున్న. గడియారాలు బాగుజేసే ముసలాయన్ని అడిగిన, బట్టలు ఇస్త్రీ చేసేటామెను అడిగిన. ఎవ్వరికీ తెల్వది."

ఇక రెండే మాటలు మిగిలాయి. అబద్ధం చెప్పాను అనడం ఒకటి, మర్చిపోయాను అనడం ఇంకొకటి. జీవితమంతా పిల్లలకు మొదటిది పాపమని నేర్పింది. రెండోది పాపం కాదు, కానీ దానికి తాళం ఉంది. డోరా గేటు వైపు చూసింది. చివరికి పాపాన్నే ఎంచుకుంది.

"అబద్ధం చెప్పానమ్మా. అలాంటి హోటల్ లేదు."

"ఎందుకు, అత్తమ్మా?"

ఆ ఒక్క మాట తర్వాత దాక్కోవడానికి చోటు లేదు. క్యారల్ గొంతులో కోపం ఉంటే తిరిగి కోప్పడేది. అది లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. డోరా మెట్టు మీద ఆమె పక్కనే కూలబడింది.

"నిజంగా వెళ్లినవి గుర్తు రావట్లేదే," అంది. ఆ వెనకే స్తంభాలు, కొత్తిమీర, ఆటో, అన్నీ బయటికొచ్చాయి. చెప్పి చెప్పి, ఆఖరికి అంతకాలం గొంతులో ముల్లులా ఉన్న ప్రశ్న అడిగింది. "రోనీ నిన్ను అడగమన్నాడు కదూ?"

క్యారల్ కొంగు మీది దుమ్ము దులుపుకుంది. వీధిలో పండ్లబండి వెళ్లిపోయేదాకా ఆగింది.

"అడగమన్నడు," అంది. "పాలు పొంగిన దినం. అమ్మను జెర కనిపెట్టుకుని ఉండు, అన్నడు. నేను నా పాఠం కోసమే అడిగిన, యేసయ్య సాక్షి. కానీ కనిపెట్టలేదని చెప్తే అబద్ధం అయితది. చూస్తనే ఉన్న."

డోరా తల ఊపింది. ఆశ్చర్యంగా, ఆమెకు కోపం రాలేదు. తన అనుమానంలో సగమైనా నిజం ఉందని తేలితే మనిషికి ఒక నిబ్బరం వస్తుంది. మతి అంతా పోలేదు, చూడాల్సింది చూడగలుగుతోంది. అయినా పక్కన కూచున్న ఈ పిల్ల తన రహస్యాన్ని ఏం చేస్తుందో తెలియదు. ఆ పిల్ల రహస్యమూ ఇప్పుడు తన దగ్గరుంది. సాయంత్రం దాకా అత్తా కోడళ్లు ఆ ఇంట్లో ఒకరి అడుగుల చప్పుడు ఒకరు వింటూ తిరిగారు.

రాత్రి భోజనాల దగ్గర రోనాల్డ్ చీర సంగతి అడిగాడు. పొద్దున అంత మంచి చీర దేనికని. డోరా అన్నం కలుపుతూ తలెత్తలేదు. క్యారల్ ఏ మాట దాస్తుందో, ఏ మాట అమ్ముతుందో అని చెవులు రిక్కించింది. క్యారల్ తన మాటే చెప్పింది. ఇంటర్వ్యూకి వెళ్లానని, నీకు చెప్పకుండా వెళ్లానని, ఉద్యోగం వస్తుందో రాదో తెలియదని. అత్తగారి ఊసు ఎత్తలేదు. రోనాల్డ్ మొహం ఎర్రబడింది, చల్లారింది, చారు పోయమన్నాడు.

కోడలు అంత తేలిగ్గా తన మూట విప్పేశాక, డోరాకు తన మూట ఒళ్లో పెట్టుకుని కూచోవడం సిగ్గనిపించింది.

"రోనీ," అంది. "ఒకరోజు మార్కెట్టు నుంచి వస్తూ నేను మన ఇంటి దారి మర్చిపోయాను."

రోనాల్డ్ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. ఒంటరిగా ఇక వెళ్లొద్దని కూడా అన్నాడు, అమ్మ ముఖం చూడకుండా.

"డాక్టరు దగ్గరికి వస్తాను," అంది డోరా. "మార్కెట్టు మానేస్తాను. చర్చికి మాత్రం నేనొక్కదాన్నే వెళ్తాను. అనుమానమైతే ఎవరో ఒకరు వెనకాల రండి. నాకు కనబడకూడదు."

రోనాల్డ్, క్యారల్ ఒకరినొకరు చూసుకున్నారు. ఒప్పుకున్నట్టు ఎవరూ అనలేదు, కాదన్నట్టూ అనలేదు.

ఆదివారం పొద్దున ఆమె తెల్లచీర కట్టి, బైబిలు చంకన పెట్టుకుని గేటు తీసింది. గేటు తెరుచుకుంది. వేపచెట్ల కింద రాత్రి వాన తడి ఇంకా ఆరలేదు. కొంతదూరం వెళ్లాక వెనక ఎక్కడో చెప్పుల చప్పుడు వినిపించింది. అది క్యారల్‌దే కావచ్చు, పాలపాకెట్లకు వెళ్లే ఎవరిదైనా కావచ్చు. ఆమె ఆగితే అదీ ఆగినట్టనిపించింది.

నాలుగు దారులు కలిసేచోట ఆమె అడుగు తడబడింది. అన్ని వీధులూ ఒక్కలాగే తెల్లవారి ఉన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే ఎవరో ఒకరు ఎటో చెప్తారు. మెడ కొంచెం తిరిగింది కూడా.

తిప్పిన మెడను వెనక్కి తీసుకుని, ఆమె అక్కడే నిలబడి ఎదురుచూసింది. చెప్పుల చప్పుడు ముందుకు రాలేదు. ఎవరూ అత్తమ్మా అని పిలవలేదు. కాసేపటికి కుడివైపు వీధి మెల్లగా తన వీధి అయింది, దాని చివర చర్చి గోడ తేలి వచ్చింది. ఎవరున్నారో చూడకుండానే డోరా టీచర్ అటు నడిచింది.