గడువు తీరిన రెండు కార్డులు

కొత్త జిల్లాలు ఏర్పడిన మూడో ఏడు, జూన్ మొదటి వారంలో, నన్ను సిరిసిల్ల బ్రాంచి నుంచి జగిత్యాల బ్రాంచికి డాక్యుమెంటేషన్ ఇన్‌చార్జిగా మార్చారు. మాది ప్రభుత్వ లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ సంస్థ. నాకు పైన బ్రాంచి మేనేజరు, ఆయనకు పైన హైదరాబాదులో లైసెన్సుదారు, నా కింద ఇద్దరు టైపిస్టులు. బయటి దేశపు కంపెనీ ఫలానా పనికి ఇంతమంది కావాలని రాసే డిమాండ్ లెటర్ అందింది మొదలు, మనిషి విమానం ఎక్కేదాకా పుట్టే ప్రతి కాగితం నా బల్ల మీదుగా పోవాలి. పోయినవాడికి అక్కడ ఇబ్బంది వస్తే ఆ ఫైలు మళ్లీ నా బల్ల మీదికే వస్తుంది. లైసెన్సు షరతుల్లో అదీ ఒకటి.

నా పాస్‌పోర్టులో మాత్రం ఈనాటికీ ఒక్క ముద్ర లేదు. మాది వెల్గటూర్ దగ్గరి ఊరు. సెంటు భూమి లేని ఇల్లు. అమ్మానాన్నలు కూలికి పోతే నేను మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, టైపు హయ్యర్ పాసయ్యాను. కోరుట్లలో టైపిస్టుగా చేరిన తొలి రోజుల్లో వీసా కాగితాల మీది అరబ్బీ అక్షరాలు చదవడానికి ప్రతిసారీ ఎవరినో బతిమిలాడాల్సి వచ్చేది. అది నచ్చక, ఆదివారం ప్రార్థన అయ్యాక ఒక రిటైర్డ్ ఉర్దూ సారు ఇంటికి వెళ్లి రెండేళ్లు అరబ్బీ నేర్చుకున్నాను. మాట్లాడటం రాదు. కాగితం చదివి, నిఘంటువు పక్కన పెట్టుకుని అర్థం చేసుకోగలను. మా కంపెనీలో అంతవరకు వచ్చింది నాకొక్కదానికే. ఆ గర్వం నాకుండేది. లేదని ఎందుకు చెప్పాలి.

ఇక్కడి వాడుక ఒకటి చెప్పాలి. మా వైపు సౌదీకి పోయినా, కువైట్‌కి పోయినా, ఖతర్‌కి పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. మాట ఒకటే అయినా చట్టాలు ఒకటి కావు. సిరిసిల్లలో మరమగ్గాలకు పని తగ్గినప్పుడల్లా జనం నిజంగానే దుబాయికి, షార్జాకి పోయేవారు. అందుకే ఆ బ్రాంచిలో పద్నాలుగేళ్లు నేను చూసిన ఫైళ్లలో ఎక్కువ భాగం ఎమిరేట్స్‌వి. జగిత్యాలకు వచ్చాక బీరువా తెరిస్తే మూడు వంతులు సౌదీ ఫైళ్లు. వారం రోజుల్లో అలవాటైపోయాయనుకున్నాను.

ఆ ఆగస్టులో జమున అనే ఆమె కథలాపూర్ మండలం నుంచి వచ్చింది. నలభైకి దగ్గర వయసు, బీడీలు చేస్తుంది. ఆమె భర్త రాజేశం రియాద్‌లో సెంట్రింగ్ మేస్త్రీ. తమ్ముడు తిరుపతి షార్జాలో ఒక క్లీనింగ్ కంపెనీలో ఉన్నాడు. ఇద్దరినీ మా బ్రాంచే పంపింది. ఇద్దరి కార్డులకూ ఒకే నెలలో గడువు తీరింది, రెండు కంపెనీలూ తిరిగి చేయించలేదు. అక్కడ ఉండటానికి, పని చేయడానికి ఆధారమంతా ఆ కార్డే. సౌదీలో దాన్ని ఇకామా అంటారు. అది లేనివాణ్ణి మనవాళ్లు "కల్లివెల్లి" అంటారు. అంటే ఏ కాగితమూ లేకుండా తిరుగుతున్నవాడని. పోలీసు ఆపితే జైలే.

తిరుపతికి ఇంటికి రావాలని ఉంది. రాజేశానికి రాక తప్పని అవసరం ఉంది. అతనికి చక్కెర జబ్బు. కుడికాలి చిటికెనవేలి పక్కన పుండయి మానడం లేదు. అక్కడ వైద్య బీమా ఇకామాతో ముడిపడి ఉంటుంది. ఇకామా చెల్లని రోజున బీమా కూడా చెల్లదు. పనివాళ్లు ఉండే క్యాంపు పక్కన మందుల షాపువాడు ఇచ్చిన గోలీలతో నెట్టుకొస్తున్నాడని జమున చెప్పింది.

తిరుపతి పని నాకు కొట్టినపిండి. ఎమిరేట్స్ కార్మిక శాఖకు ఫోన్‌లో హిందీలోనే ఫిర్యాదు చేయించాను. వాళ్లు కంపెనీని పిలిచి అడిగారు. కంపెనీ కార్డు రద్దు చేసి, ఆలస్యపు జరిమానా తన నెత్తిన వేసుకుంది. ఆ తర్వాత అతణ్ణి ఎవరూ ఆపలేరు. అక్కడ విమానాశ్రయంలో బయటికి పోవడానికి యజమాని అనుమతి అక్కర్లేదు. పద్దెనిమిదో రోజుకు తిరుపతి ఇంటికొచ్చాడు.

రాజేశానికీ అదే దారి చెప్పాను. కార్మిక శాఖలో ఫిర్యాదు చెయ్యి, రద్దు అడుగు, క్యాంపు వదిలిపోకు, దేని మీదా సంతకం పెట్టకు అన్నాను. అప్పుడే వాళ్ల క్యాంపుకి దమ్మామ్ నుంచి ఒక మెయింటెనెన్స్ కంపెనీ సూపర్‌వైజరు వచ్చి, తమ కంపెనీకి మారేవాళ్ల పేర్లు రాసుకుంటున్నాడు. రాజేశం నాకు ఫోన్ చేసి పేరు ఇయ్యమంటారా అని అడిగాడు. ఇవ్వొద్దన్నాను. ఇంటికి రావాలనుకుంటున్న మనిషి కొత్త కంపెనీకి సంతకం పెడితే మరో రెండేళ్లు కట్టుబడిపోతాడని, సిరిసిల్లలో నేను ఎన్నోసార్లు చెప్పిన మాటే చెప్పాను. అతను సరే మేడం అన్నాడు. తోటివాళ్లు పేర్లిచ్చి వెళ్లిపోయారు. నా మాట మీద రాజేశం ఉండిపోయాడు.

మూడు వారాలు గడిచాయి. ఫిర్యాదు నంబరు వచ్చింది, వాయిదా తేదీ వచ్చింది, కంపెనీ తరఫున ఎవరూ రాలేదు, ఇంకో వాయిదా పడింది. నేను ఫైలులో తేదీలు రాస్తూ, వ్యవహారం నడుస్తోందనే అనుకున్నాను.

సెప్టెంబరులో ఒక సోమవారం జమున మళ్లీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి కాలి ఫోటో చూపించింది. చిటికెనవేలు నల్లబడింది.

"తమ్ముడు అచ్చిండు గదా మేడం. ఇద్దరి కార్డులు ఒక్క నెలల్నే పాయె. మా ఆయన ఎందుకు రాడు? దేశం మారితే మనిషి మారుతడా?"

సౌదీలో కొంచెం ఆలస్యమవుతుంది అన్నాను. ఆమె ఇంకో మాట అడిగింది.

"కంపెనీ ఎర్రల పడ్డదట, అందుకే కార్డు అయితలేదట. మొన్నటి సంది గదే అంటుండు. గీ ఎర్ర ఏంది మేడం?"

నిజానికి రాజేశం ఆ మాట నాతో కూడా ఫోన్‌లో అన్నాడు. నేను పట్టించుకోలేదు. ఎర్ర అంటే ఏమిటో తెలియక కాదు. సౌదీలో ప్రతి కంపెనీ కొంతమంది సౌదీ పౌరులకు ఉద్యోగాలివ్వాలి. ఎంతమందికి ఇచ్చిందో చూసి ప్రభుత్వం కంపెనీలకు రంగులు పెడుతుంది. బాగా ఇచ్చినవాళ్లది పచ్చ. ఇవ్వనివాళ్లది ఎరుపు. ఎర్ర కంపెనీ తన విదేశీ పనివాళ్ల కార్డులు తిరిగి చేయించలేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినదాన్ని రాజేశానికి అన్వయించి చూడలేదు, అంతే.

జమునను కూర్చోమని, అప్పుడు లెక్క సరిగ్గా వేశాను. సౌదీ నుంచి శాశ్వతంగా తిరిగి రావాలంటే ఆఖరి ఎగ్జిట్ ముద్ర కావాలి. మనవాళ్లు దాన్ని ఖురూజ్ అంటారు. దాన్ని యజమానే తన ఖాతా నుంచి వేయాలి. వేయాలంటే ఇకామా చెల్లుబాటులో ఉండాలి. ఎర్ర కంపెనీ ఇకామా చేయించలేదు. అంటే ఆ కంపెనీ మనసు మార్చుకున్నా అతణ్ణి పంపలేదు. నేను అడగమన్న రద్దు ఆ దారిలో లేనే లేదు. ఎమిరేట్స్ తలుపు సౌదీ గోడకు ఉంటుందనుకుని మూడు వారాలు తట్టించాను.

మా దగ్గరున్న సౌదీ నిబంధనల ఇంగ్లీషు సారాంశంలో రంగుల గురించి ఒక్క పేరానే ఉంది. కార్మిక శాఖ సర్క్యులర్ అరబ్బీ ప్రతిని బీరువాలోంచి తీసి, జమున ఎదురుగానే పదం పదం చదివాను. గంటకు పైగా పట్టింది. మూడో పేజీలో కావలసింది దొరికింది. ఎర్ర కంపెనీలో ఉన్న విదేశీ పనివాడు పాత యజమాని ఒప్పుకోలు లేకుండానే మరో కంపెనీకి మారవచ్చు. మారితే కొత్త కంపెనీ ఇకామా చేయిస్తుంది. ఇకామాతో బీమా వస్తుంది. ఇంటికి వెళ్లే ముద్ర ఆ తర్వాతి సంగతి. బయటికి దారి మూసిన ఆ చట్టమే పక్కకి దారి తెరిచింది. నేను వద్దన్న దారి అది.

ఆమెకు అక్కడే చెప్పాను. పేరు ఇవ్వొద్దన్నది నేనే, అది నా తప్పు, ఈ మూడు వారాలు నా వల్లే పోయాయి అన్నాను. ఆమె ఇప్పుడేం చేయాలో చెప్పమంది. రాజేశానికి ఫోన్ చేసి అతనికీ అదే చెప్పాను. అతను కోపం చేసి ఉంటే నాకు తేలికగా ఉండేది. "మీరు నా మంచికే అన్నరు మేడం" అన్నాడు.

దమ్మామ్ కంపెనీ జాబితా అప్పటికే మూసేసింది. సూపర్‌వైజరు తన చేతిలో లేదన్నాడు. వాళ్ల దగ్గర ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సొనెల్ ఆఫీసరు కేరళ మనిషి. ఆయనకు రాయాలని కూర్చున్నప్పుడు ఒక చిక్కు వచ్చింది. కాలి సంగతి రాయాలా? రాయొద్దని జమున చేతులు పట్టుకుంది. రోగం ఉన్నోణ్ణి ఎవరు తీసుకుంటరు, పోయినంక ఆయనే చెప్పుకుంటడు అంది. ఆమె భయం అర్థం లేనిది కాదు. కానీ దాచి చేర్పించిన మనిషి మొదటి రోజే ఆసుపత్రిలో పడితే కొత్త కంపెనీ కూడా వదిలేస్తుంది, అప్పుడు ఇంకే దారీ ఉండదని చెప్పి ఒప్పించాను. ఉత్తరంలో మూడు విషయాలు రాశాను. ఇతను ఇరవై ఏళ్ల అనుభవమున్న సెంట్రింగ్ మేస్త్రీ. ఇతని కంపెనీ ఎర్రలో ఉంది కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మీరు బదిలీ కోరితే చాలు. ఇతని కాలికి ముందు వైద్యం కావాలి, ఆ తర్వాతే పని. సర్క్యులర్ మూడో పేజీ జత చేశాను.

రెండు రోజులకు ఆయన ఫోన్ చేశారు. అరబ్బీ పేజీ ఎవరు చదివారని అడిగారు. నేనే అన్నాను. తమకు షట్టరింగ్, అంటే సెంట్రింగ్ పని, తెలిసినవాళ్లు తక్కువగా ఉన్నారని, అయితే వైద్యుడు పని చేయగలడంటేనే ఉంచుకుంటామని, ఏ పనిలో పెట్టేదీ అప్పుడు చూస్తామని చెప్పారు. అది న్యాయమైన షరతే. బదిలీ కోరిక పెట్టారు, రాజేశం ఒప్పుకున్నాడు, తొమ్మిదో రోజున ఇకామా అయింది. అదే రోజు బీమా మొదలైంది. మర్నాడు ఆసుపత్రిలో చేరాడు.

రెండు వేళ్లు తీసేశారు. కాలు నిలిచింది. చికిత్స కాగితంలో వైద్యుడు ఎముకకు సోకిందని రాశాడు. కొన్ని వారాల ముందు వచ్చి ఉంటే ఏమై ఉండేదని నేను ఆ పర్సొనెల్ ఆఫీసరు ద్వారా అడిగించాను. బహుశా కట్లతోనే మానిపోయేదని జవాబు వచ్చింది. ఆ జవాబు ఫైలులో పెట్టాను. బ్రాంచి మేనేజరు అది ఫైలులో ఎందుకన్నారు. ఆ ఫైలులో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం అదేనని చెప్పి అక్కడే ఉంచాను.

కథలాపూర్ వెళ్లి జమునకు నేనే చెప్పాను. ఆమె బీడీల చేట పక్కన పెట్టి విన్నది. చివరికి ఆమె అంది. "మీరు చెప్పకుంటే నాకు తెల్వకపోవు. చెప్పిండ్రు. ఇగ పోయేటోళ్లకన్న సక్కగ చెప్పుండ్రి." టీ పెట్టింది.

రాజేశం దమ్మామ్‌లో స్టోర్ పనికి మారి, ఒప్పందం పూర్తి చేసుకుని, ఆఖరి ఎగ్జిట్ ముద్రతో వచ్చాడు. ఇప్పుడు కోరుట్లలో సెంట్రింగ్ సామాను కిరాయికి ఇచ్చే దుకాణంలో ఉంటున్నాడు. కొద్దిగా కుంటుతాడు. నేను కనిపిస్తే నమస్తే మేడం అంటాడు.

ఆ అక్టోబరులో ఫైళ్ల పద్ధతి మార్చాను. ప్రతి ఫైలుకు ముందు ఒక పేజీ పెట్టించాను. అందులో మూడు ప్రశ్నలు. ఈ దేశంలోకి రావడానికి ఎవరి సంతకం కావాలి? పని మారడానికి ఎవరిది? బయటికి పోవడానికి ఎవరిది? జవాబు పక్కన ఏ సర్క్యులర్, ఏ పేజీ అన్నది రాయాలి. అది నింపనిదే టైపింగ్ మొదలుపెట్టకూడదన్నాను. టైపిస్టులు మొదట విసుక్కున్నారు. నెల తిరిగేసరికి వాళ్లకే ఆసక్తి పుట్టింది. ఎందుకంటే జవాబులు ఏ రెండు దేశాలకూ ఒకేలా రాలేదు. ఎమిరేట్స్‌లో పోవడం తేలిక, కానీ కార్డు లేకుండా ఉన్న ప్రతి రోజుకూ జరిమానా పెరుగుతుంది. సౌదీలో పోవడం కష్టం, కానీ కంపెనీ చెడితే మారే హక్కు కొన్నిసార్లు పనివాడిదే. ఖతర్‌లో అదివరకు అందరికీ కావలసిన ఎగ్జిట్ అనుమతిని ఆ రోజుల్లోనే చాలామందికి తీసేశారు. మా పాత కాగితాల్లో మాత్రం ఇంకా ఉంది. మలేషియా పర్మిట్ ఒక యజమానికే కట్టేసి ఉంటుంది. యూరప్ దేశాల పర్మిట్ల మీద కంపెనీ పేరూ పని పేరూ రెండూ ఉంటాయి. దేశం గట్టిదా మెతకదా అన్నదాన్ని బట్టి ఈ మూడు జవాబుల్లో ఒక్కటి కూడా ఊహించలేం.

కొడిమ్యాల నుంచో, కోరుట్ల నుంచో వచ్చేవాళ్లు ఏ దేశం మంచిది మేడం అని అడిగేవారు. రిటైరయ్యాక కూడా అడుగుతున్నారు. పని బాగా నడిచినంత కాలం అన్ని దేశాలూ మంచివే. కంపెనీ చెడిపోతే, ఒళ్లు చెడిపోతే ఎటు కదలవచ్చో ముందే చదువుకుని పొమ్మంటాను. ఒక దేశం చట్టం బాగా తెలిసినవాళ్లు పక్క దేశం విషయంలో ఏమీ తెలియనివాళ్లకన్నా ఎక్కువ ప్రమాదం. తెలియనివాడు అడుగుతాడు. నేను అడగలేదు.