ఎట్టినోడే తియ్యాల

ఝపటాపూర్‌లో మా వెనకింటి బెంగాలీ ఆవిడ పెంచే కుక్క ఈ వానాకాలం అయిదు పిల్లల్ని పెట్టింది. నుదుట తెల్లమచ్చ ఉన్న పిల్ల తనదేనని నాలుగేళ్ళ మా మనవరాలు ఖాయం చేసేసుకుంది. ఆవిడ రోజూ గోడ మీంచి అడిగేది: "దాదా, నేబేన్, నా నేబేన్ నా?" తీసుకుంటారా, తీసుకోరా అని. తల్లిపాలు మానేదాకా ఆగుతుందట. ఆ తరవాత ఎవరడిగితే వాళ్ళకే.

మా అబ్బాయి గూడ్స్ బళ్ళు నడుపుతాడు. ఇంటిపట్టున ఉండేది తక్కువ కనక నిర్ణయం కోడలిదే. ఆమె ఆసుపత్రిలో నర్సు.

"నానొప్పుకోను మావయ్యా. కుక్క కరిసిన పిల్లల్ని డ్యూటీలో సూస్తన్నాను. మొకం మీదే కరుస్తాది. ఇద్దరి మొకాలూ ఒక్క ఎత్తులో ఉంటాయి గదా."

"కుక్కపిల్లే గదమ్మా."

"పిల్లగానే ఉండిపోద్దేటి?"

ఇంకా వాదిస్తే, అరవయ్యేళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పాల్సి వస్తుంది.

అప్పుడు ఇదే ఊళ్ళో పూరీ గేట్ దగ్గర రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. మాకో గోధుమరంగు కుక్క ఉండేది. సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగిందంటే ఎక్కడున్నా లేచి రోడ్డు మలుపుకి పరిగెత్తేది. వందల సైకిళ్ళు ఒక్కసారిగా వచ్చేవి. నూనె మరకల బట్టల్లో అందరూ ఒక్కలాగే కనపడేవారు. మేం పొరబడేవాళ్ళం గాని అది ఒక్కనాడూ పొరబడలేదు. నాన్న మలుపు దగ్గర సైకిలు దిగి, మిగతా దూరం దానితో మాట్లాడుకుంటూ నడిచేవాడు. షాపు కబుర్లు అమ్మ కంటే ముందు దానికే తెలిసేవి.

నాకు ఆరేళ్ళప్పుడు అది నా ముంజేతిని కరిచింది. నాన్న నన్ను ఎత్తుకుని కుళాయి కిందికి తీసుకెళ్ళాడు.

"ఏటి సేసినావురా?"

"ఏటీ సెయ్‌నేదు."

"దాని గిన్నెలో సెయ్యి ఎట్టినావా?"

"ఎట్నేదు."

పెట్టాను. ఆ పూట అమ్మ చేప తలకాయ దానికి వేసింది. అది నాది అని నా ఉక్రోషం.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచారు. ఆ వారంలోనే నాన్న తెలిసిన గార్డుని బతిమాలి, బాలాసోర్ వైపు వెళ్ళే గూడ్సులో, గార్డు పెట్టెలో కుక్కని ఎక్కించాడు. షికారుకి తీసుకెళ్తున్నామనుకుందో ఏమో, బుద్ధిగా కూర్చుంది. మర్నాడు సాయంత్రం సైరన్ మోగింది. నాన్న మలుపు దగ్గర అలవాటుగా సైకిలు దిగాడు. కాసేపు అటూ ఇటూ చూసి, మళ్ళీ ఎక్కకుండా, సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

తరవాత బతుకంతా పత్రికకి వార్తలు రాశాను. రెండు పక్షాల మాటా వినకుండా ఏదీ పంపలేదు. కుక్క పక్షం మాత్రం ఎవరూ వినలేదు.

ఆ మాట ఒక మధ్యాహ్నం కోడలికి చెప్పేశాను. ఆమె డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. పెట్టె నిలబెట్టి మొత్తం వింది.

"అయితే కుక్క తప్పు నేదు."

"లేదమ్మా."

"అబద్ధమాడినారు."

"ఆడాను."

పెట్టె మళ్ళీ అందుకుని అంది: "మా నాన్నా వేగన్ల కింద దూరి పని సేసినోడే. దూరేముందు బండి కదపకుండా ఎర్రజెండా ఎట్టేవోడు. ఎట్టినోడే తియ్యాల, ఇంకోడు ముట్టకూడదు. పిల్లకి అది నేర్పండి. నేర్సుకుంటే తెద్దాం. నేకపోతే నేదు."

"కుక్క లేకుండా ఎలా నేర్పనమ్మా?"

"మీరున్నారు గదా."

చీపురుపుల్లకి ఎర్రగుడ్డ కట్టి, ఖాళీ దగ్గుమందు సీసాలో నిలబెట్టి, భోజనానికి కూర్చున్నప్పుడల్లా నా కంచం పక్కన పెట్టుకున్నాను. నా అప్పడం లాక్కోవడం మా మనవరాలికి రోజూ ఉన్న అలవాటు. మొదటిరోజు జెండా ఉండగానే లాక్కుంది. రెండోరోజు ముందు జెండా తీసి పక్కన పెట్టి, ఆ తరవాత లాక్కుంది.

"జెండా నేదు గదా తాతా!"

"ఎవరెట్టినారు?" వంటింట్లోంచి వాళ్ళమ్మ కేక.

"తాత."

"మరి నువ్వెలగ తీసినావు?"

ఇలా చాలా రోజులు నడిచింది. వెనకింట్లో కుక్కపిల్లలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఇందా పేట నుంచి ఎవరో వచ్చి రెండు పట్టుకుపోయారు. చివరికి తెల్లమచ్చది ఒక్కటే మిగిలింది. దానికీ బేరం వచ్చిందని గోడ మీంచి కబురొచ్చిన రోజున మనవరాలు చేతులు వెనక్కి కట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. నేను కావాలనే నెమ్మదిగా తిన్నాను. దాని కళ్ళు అప్పడం మీదే ఉన్నాయి గాని చేతులు కదల్లేదు. జెండా తీసి అప్పడం ఇచ్చాను. గుమ్మంలో నిలబడ్డ కోడలు పెరటి గోడ దగ్గరికి వెళ్ళి, "దీదీ!" అని పిలిచింది.

కుక్కపిల్ల వచ్చిన సాయంత్రం కోడలు గిన్నెలో పాలన్నం పెట్టి, పక్కన జెండా నిలబెట్టి, టైమైపోతోందని హడావిడిగా డ్యూటీకి వెళ్ళిపోయింది. కుక్కపిల్ల తినేసింది. గిన్నె నాకేసింది. అందులోనే మూతి పెట్టి నిద్రపోయింది. ఇంకా అవతలే కూర్చున్న మనవరాల్ని చూడలేక జెండా తీయబోయాను.

"తాతా! నువ్వెట్టినావా?"

"ఎట్నేదు" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకుని మనవరాలి పక్కనే కూర్చున్నాను, కోడలు డ్యూటీ దిగి వచ్చేదాకా.