సుయ్‌హ్వా ఆయుష్షు పెట్టె

ఈ భూమ్మీద ప్రభుత్వాన్ని శవపెట్టెలో పడుకోబెట్టి మూత వేసిన మనిషి మా నాయనమ్మ లాయ్ సుయ్‌హ్వా ఒక్కతే. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే అప్పటికి ప్రభుత్వానికి ఎనిమిదేళ్లు, లాగు వెనక చిరిగి ఉంది. మా కైషెంగ్ బాబాయ్ దాగుడుమూతలాడుతూ మా వెనకగదిలో నాయనమ్మ పెట్టెలోకి దూరి, ఆవిడ దాచుకున్న ఎండుమిరపకాయల మీదే నిద్రపోయాడు. ఆవిడ మూత సగానికి జరిపి, దాని మీద కూర్చుని తాపీగా చిక్కుళ్లు వలిచింది. లోపల్నుంచి ఏడుపు వినిపిస్తే, "దయ్యాలు మాట్లాడకూడదు" అందట. ఆ పిల్లాడే ఇప్పుడు మా ఊరికి పెద్ద. పైనుంచి ఏ ఉత్తర్వు వచ్చినా ఆయన నోటితోనే మాకు అందుతుంది.

మా కొండల్లో దాన్ని శవపెట్టె అనరు. ఆయుష్షు పెట్టె అంటారు. యాభై దాటాక చేయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం. మా తాతయ్య నాటిన దేవదారు ఒకటి కొట్టిస్తే ఆయనకొకటి, ఆవిడకొకటి వచ్చాయి. ఆయన తన దాంట్లో వెళ్లిపోయాడు. ఆవిడది వెనకగదిలో రెండు బల్లల మీద ఉండేది. ఏటా కోతలయ్యాక దానికి నల్ల లక్క పూత ఒకటి పూసి, ఆరాక అందులో పడుకుని కొలత చూసుకునేది. "నడుం దగ్గర వదులయింది" అనేది. "పెట్టె వదులవలేదు నాయనమ్మా, నువ్వు ఎండిపోయావ్" అంటే చెప్పు విసిరేది. గురి ఎప్పుడూ తప్పేది కాదు.

కొండ మీద తాతయ్య సమాధికి రెండు గదులు. ఒక దాంట్లో ఆయన ఉన్నాడు. నాయనమ్మ కోసం ఉంచిన రెండోదాని నోరు సున్నం లేకుండా ఇటుకలు పేర్చి మూశారు, మళ్లీ తెరవాలి కదా అని.

ఆ వేసవిలో మైకు బిగించిన బండి ఒకటి ఊళ్లోకి వచ్చింది. అందులో ఒకావిడ గొంతు, పెళ్లికి పిలుస్తున్నంత తియ్యగా, రోజూ అవే మాటలు చెప్పేది. తొమ్మిదో నెల మొదటి తేదీ నుంచి ఎవరు పోయినా పట్నంలో దహనం చెయ్యాలి. బూడిదని డబ్బాలో పోసి ప్రభుత్వం కట్టిన గోడ గూళ్లలో పెట్టాలి. కొండ మీద పూడ్చకూడదు. ఇళ్లలో ఉన్న పెట్టెలన్నీ ఆ రోజుకి అప్పగించాలి.

కైషెంగ్ బాబాయ్ వచ్చి గడపలో నిలబడ్డాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.

"పెద్దమ్మా, భూమి తక్కువయిందంటున్నారు. చచ్చినవాళ్లకే ఇంత చోటు పోతే బతికున్నవాళ్లకి ఎలా అంటున్నారు."

"మీ పెదనాన్న పడుకున్న కొండ మీద ఏం పండుతుందిరా? రాళ్లు. ఆ రాళ్లు తింటారా మీ పైవాళ్లు?"

"నేను చేసిన రూలు కాదు పెద్దమ్మా."

"నువ్వు చేసిందని ఎవరన్నారు? లెక్కలు రాక రెండేళ్లు ఒకే క్లాసులో కూర్చున్న వెధవ్వి."

ఆయన నవ్వబోయి, నవ్వలేకపోయాడు. పెట్టెలన్నీ చేరకపోతే తన పదవి పోతుందని గొణిగాడు. నాయనమ్మ ఆయనకి టీ ఇచ్చింది. తాగకుండానే వెళ్లిపోయాడు.

ఎదురింట్లో యిన్‌మెయ్ ఉండేది. ఆవిడా నాయనమ్మా ఒకే చలికాలం ఈ సందులోకి కోడళ్లుగా వచ్చారు. రోజూ మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని సందు దాటి, మా గడప మీద కూర్చుని తినేది. వచ్చేముందు తన గుమ్మంలో నిలబడి అన్నం తినే పుల్లలతో గిన్నె అంచు మీద టకటకలాడించేది. "అలా కొట్టకే, ఆకలి దయ్యాలొస్తాయి" అని నాయనమ్మ తిట్టేది. "వస్తే రానీ, నీ కూర తిని పారిపోతాయి" అనేది యిన్‌మెయ్.

మైకు బండి వచ్చాక ఆవిడ గిన్నె లేకుండా రావడం మొదలుపెట్టింది.

"డబ్బాలో పెడతారట సుయ్‌హ్వా. ఇంతే డబ్బా. నేను కాళ్లు ఎక్కడ చాపుకోను?"

"బూడిదకి కాళ్లేంటే."

"తేదీకి ముందు పోతే పెట్టెలోనే పంపుతారు. అడిగాను కైషెంగ్‌ని. అవునన్నాడు. కలిసే వచ్చాం కదా, కలిసే పోదాం."

యిన్‌మెయ్ మొదట అన్నం మానేసింది. తరువాత గంజి. కొడుకులు ఏడ్చారు, కోడలు చెంచాతో పెదాల మధ్య పోసింది. ఆవిడ పళ్లు బిగించుకుంది. ఎనిమిదో నెల సగంలో పోయింది. ఆవిడ పెట్టెకి ముందు కొమ్ము కైషెంగ్ బాబాయ్ మోశాడు. దారిలో ముసలివాళ్లు ఎవరూ ఏడవలేదు. "అదృష్టవంతురాలు" అని ఒకరితో ఒకరు మెల్లగా చెప్పుకున్నారు. చూపులు చూస్తే అసూయపడుతున్నట్టే ఉంది.

మర్నాటి నుంచి నాయనమ్మ గడప మీద రెండు గిన్నెలు పెట్టడం మొదలుపెట్టింది. రెండూ ముట్టకుండా అలాగే లోపలికి వచ్చేవి. యిన్‌మెయ్ కొడుకులు తాళం వేసుకుని పనికి పట్నం వెళ్లిపోయారు. ఎదురిల్లు ఖాళీ. అయినా మధ్యాహ్నం, ఎండ సందులోకి నిలువుగా దిగే వేళకి, ఆ తలుపు వెనక టకటక వినిపించేది. ఎలకలనుకున్నాను. ఎలకలు అంత లయగా కొట్టవు. నాయనమ్మ తల ఎత్తేది. "వస్తున్నానే, తెమలనీ" అనేది, నాకు వినపడకుండా అనుకుని.

ఆవిడ చేతులు సన్నబడ్డాయి. నాకు వచ్చిన వేషాలన్నీ వేశాను. పొగబెట్టిన పందిమాంసం, చామదుంపలు వండి ఆవిడ ముక్కు కింద విసనకర్రతో విసిరాను. పక్కింటి కుక్క మా గుమ్మంలో కాపురం పెట్టింది, ఆవిడ మాత్రం కదల్లేదు.

"నాయనమ్మా, తాతయ్య అక్కడ ఒంటరిగా హాయిగా ఉన్నాడు. ఎందుకు నీకంత తొందర?"

"ఆయన గురక నీకు తెలీదు. నేను పక్కన లేకపోతే తన్ని ఆపేవాళ్లెవరు?"

"అంటే నువ్వు కూడా..."

"నోరుమూసుకుని ఆ కుక్కని తరుము."

ఆవిడ పోతే పెట్టె దక్కుతుంది, తాతయ్య పక్క చోటు దక్కుతుంది. ఉంటే నాకు దక్కుతుంది. నేను ఏది కోరుకోవాలో ఆవిడ మొహం చూసి అడగలేకపోయాను. రాత్రి ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే, ఆ వేలు కొరికింది. ఆ నొప్పికి నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

గడువుకి ముందురోజు పొద్దున కైషెంగ్ బాబాయ్ వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చి ఆవిడ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

"పెద్దమ్మా, నీ కోసం నేను చెయ్యగలిగింది ఒకటే ఉంది. పెట్టెలు తీసుకెళ్లే లారీని మన సందుకి ఆఖర్న పంపమన్నాను. నీకు వెళ్లిపోవాలనుంటే..." ఆయన చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. "సాయంత్రంలోపు అయితే నేనే మోస్తాను. కొండ మీద ఇటుకలు నేనే తీస్తాను. ఎవరినీ అడ్డు రానివ్వను. రేపటికి మాత్రం నా చేతుల్లో ఉండదు."

ప్రేమతోనే అన్నాడు. అంతకంటే ఎక్కువ ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నాకు మాత్రం ఆ మైకు బండిలోని ఆడమనిషి గొంతే ఆయన నోట్లోంచి వస్తున్నట్టు, ఇంకా తియ్యగా వస్తున్నట్టు అనిపించింది.

నాయనమ్మ ఆయన వైపు తల తిప్పింది.

"సాయంత్రంలోపా?"

"అవును పెద్దమ్మా."

"ఎన్నింటికల్లా అయితే నీకు వీలుగా ఉంటుంది?"

ఆయన తలెత్తాడు. ఆవిడ నా భుజం పట్టుకుని లేచి కూర్చుంది.

"లారీని ఇప్పుడే రమ్మను. మిరపకాయలు బయటికి తీస్తాను, ఆగు."

పెట్టెని నలుగురు మోసుకెళ్లారు. అద్దంలా మెరిసే ఆ నల్ల చెక్కలో గది పైకప్పు, మా మొహాలు, గుమ్మంలో ఎండ, అన్నీ ఊగుతూ బయటికి వెళ్లాయి. బడి ఆవరణలో యంత్రం పెట్టెల్ని విరగ్గొడుతున్న చప్పుడు మధ్యాహ్నం దాకా వినిపించింది. ఊళ్లో ముసలివాళ్లంతా ఎవరి గడపల్లో వాళ్లు కూర్చుని, ఏ చప్పుడు ఎవరిదో గుర్తుపట్టడానికి చూస్తున్నట్టు తలలు వంచి విన్నారు. దేవదారు వాసన ఊరంతా కమ్మింది. నాయనమ్మ వెనకగదిలో ఖాళీ బల్ల మీద కూర్చుంది. కింద నేల మీద దుమ్ము పట్టని చోటు పెట్టె అంత పొడుగు ఉంది. దాని మీద కాలు పెట్టడానికి నాకు భయమేసింది.

చప్పుడు ఆగింది. అప్పుడు ఎదురింట్లో టకటక మొదలైంది. నేను విన్నాను. ఆవిడా విన్నట్టు నాకు తెలిసింది, ఆవిడ వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి.

"నాయనమ్మా, మరి తాతయ్య పక్కకి ఎలా వెళ్తావు?" అన్నాను. ఏడుస్తూనే అన్నాను. "యిన్‌మెయ్ నాయనమ్మ పిలుస్తోంది కదా. ఏం చెప్తావు?"

"చచ్చాక కాలుస్తారో, గోడలో పెడతారో, అది వాళ్లిష్టం, లేచి తన్నలేను. అది పిచ్చిది, వాళ్లు పెట్టిన తేదీకి చచ్చింది. నేను చావను. ఏడుపు ఆపి అన్నం పెట్టవే, ఆకలేస్తోంది."