వంటావార్పు మధ్యలో సముద్రం

ఈ రోజు గచ్చిబౌలిలో నా ఆటో ఆగిపోయింది. తెలంగాణ రాష్ట్రం కోసం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నేనేమో కాకినాడ పిల్లని, తీరాల కోత మీద పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్తున్నాను. ఇంతలో గరిటెతో మా ఇంటి ఓనరు యాదమ్మగారు కనిపించారు.

"మా ఇంట్ల కిరాయికుండే పిల్ల. సముద్రం చదువుకు పోతున్నది, జర తొవ్వ ఇయ్యుండ్రి" అన్నారు.

"రేపు మన రాష్ట్రంల సముద్రమే ఉండదు గదక్కా" అని పక్కావిడ నవ్వింది.

"లేకుంటే ఈ పిల్ల తీస్కపోయి సూపిస్తది. నేనింకా సూడనే లేదు."

పులిహోర తినిపించాకే నన్ను వదిలారు. పసుపు వేళ్లతోనే ఇంటర్వ్యూలో కూర్చున్నాను.

సీటు సంగతి తర్వాత. యాదమ్మగారిని ముందు ఏ తీరానికి తీసుకెళ్లాలో చెప్పండి. నేను చదివినవన్నీ కోతకు గురైనవే.