ఎర్రతాడు లాగినవాడు

మా ఆయన సబ్రీ కైరో అవతల గ్యాస్ పొయ్యిల కార్ఖానాలో పనిచేసేవాడు. పొయ్యి కుళాయిలు బిగించి, గ్యాస్ కారుతోందేమో చూడడం ఆయన పని. పక్క బల్లమీద అదే పని బదావీది. మా పెళ్లికి ముందునుంచీ ఇద్దరూ ఒకే బస్సులో వెళ్లి, ఒకే గిన్నెలో ఉడికించిన ఫూల్ చిక్కుడు గింజలు రొట్టెతో అద్దుకు తిన్నవాళ్లు. బదావీకి చూపు మందగించాక, అతను సరిగ్గా బిగించని కుళాయిల్ని మా ఆయనే చప్పుడు చేయకుండా తన బల్లమీదికి లాక్కుని సరిచేసేవాడు. తోటివాడి లోపం కప్పితే మన లోపం దేవుడు కప్పుతాడని మా నమ్మకం. అందుకే ఆయన్ని అందరూ మంచివాడనేవారు.

కొత్తగా వచ్చిన వజీహ్ ఇంజనీరు, పొయ్యిలు సాగే బెల్టు పొడవునా ఎర్రతాడు కట్టించాడు. తప్పు కనబడితే ఎవరైనా లాగి పని ఆపొచ్చు, ఎవరి జీతమూ కోయం, ఎవర్నీ తీసెయ్యం అన్నాడట. ఎవరూ నమ్మలేదు.

"మా ఆవిడ బట్టలారేసుకోడానికి పనికొస్తుందిలే" అని బదావీయే అందర్నీ నవ్వించాడట.

రంజాన్‌కు ముందు గిరాకీ పెరిగి, మా ఆయనకు పక్క బల్ల చూసే తీరిక లేకపోయింది. గ్యాస్ కారే కుళాయి ఒకటి పొయ్యికెక్కి ముందుకు సాగిపోతుంటే చూశాడు. ఏ ఇంటి వంటగదికో వెళ్తుంది అది. తాడు లాగాడు. కుళాయి బిగించిందెవరో అందరికీ తెలిసిపోయింది.

ఇంజనీరు మాట తప్పలేదు. బదావీని అదే జీతంమీద అట్టపెట్టెలు కట్టే చోటికి మార్చాడు. అది చూశాక మిగతావాళ్లకూ ధైర్యం వచ్చింది. తాడు లాగడం, తమ తప్పు తామే చెప్పుకోవడం అలవాటైంది. బదావీ మాత్రం వేరే బస్సెక్కడం మొదలుపెట్టాడు. కాఫీ దుకాణంలో మా ఆయన కూర్చుంటే లేచిపోయేవాడు.

రొట్టె ముందు కూర్చుని ఆయన, "మంచిపనే చేశాను కదే?" అని అడిగేవాడు. అవునని నేను చెప్పినా తినేవాడు కాదు.

ఈ చలికాలం మా ఆయన గుండె ఆగి పోయాడు. పరామర్శకొచ్చిన మగవాళ్లు కింద వీధి గుడారంలో కూర్చునివుంటే, బదావీ మెట్లెక్కి మా గుమ్మం దగ్గరికొచ్చాడు.

"రబాబ్ తల్లీ, నా చూపు సంగతి వాడు నా చెవిలో చెప్పొచ్చుగా? నేనే తప్పుకునేవాణ్ణి."

"తాడు లాగడానికి ముందు శుక్రవారం చెబుదామనే మీ ఇంటికొచ్చాడన్నా. మీరు మనవణ్ణెత్తుకుని నవ్వుతున్నారట. నోరు రాక తిరిగొచ్చేశాడు."

"నాకు గుర్తులేదు, ఆ రోజు టీ అయినా తాగాడా మా ఇంట్లో?"

"లేదన్నా."

గోడ పట్టుకుని దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నేనూ కబురు పెట్టలేదు.